మా బాత్రూంలో జల్లెడపెట్టె

నన్ను మోసం చెయ్యడం కష్టం. ఇది గొప్పకోసం చెప్పుకోవడం కాదు, పదిమందికీ పనికొస్తుందని చెబుతున్నాను. అందుకే 2046లో కాకినాడ ఫ్లాట్లన్నిటికీ జల్లెడపెట్టెలు బిగిస్తుంటే, మా బ్లాకులో మొదట అనుమానించింది నేనే.

పెట్టె సబ్బుబిళ్లంత ఉంటుంది. కమోడ్ అంచున కూర్చుంటుంది. ఎవరో గుర్తుపట్టడానికి దాని మీద బొటనవేలు ఆనించి పని కానిస్తే, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూస్తుంది. పోకపోతే పచ్చదీపం, పోతే ఎర్రదీపం. దాన్ని తయారుచేసిన డాక్టర్ ఋత్విక మా మెట్ల దగ్గర నిలబడి అందరికీ వివరించింది. కిడ్నీ జల్లెడలాంటిదట. ఏళ్ల తరబడి షుగరూ బీపీ దంచుతుంటే కన్నాలు పెద్దవై ప్రొటీన్ జారిపోతుందట. షుగర్ ఉన్న ముగ్గురిలో ఒకరికి ఇంచుమించు ఇదే పరిస్థితట. నొప్పి పుట్టదు కాబట్టి తెలియదట.

"ఈ సంగతి ఇంకెవరికి చేరుతుందమ్మా?" అని అడిగాను.

"మీకూ నాకూ, అంతే అంకుల్."

'అంతే' అన్నవాళ్లని నేను అస్సలు నమ్మను.

నాకు పద్నాలుగేళ్లుగా షుగర్. ల్యాబుకి వెళ్లేముందు మూడ్రోజులు తీపి మానేసి, పొద్దున్నే నడిచి, మంచి మార్కులు తెచ్చుకునేవాణ్ణి. ఈ పెట్టె మూడ్రోజుల భక్తికి లొంగదని విన్నాను. ఎరుపు వెలిగితే నా కాజాలు బంద్. అందుకని వేలు నేను ఆనించి, లోపలికి మా ఆవిడ హైమని పంపాను. ఆవిడకి జబ్బుందని ఏ డాక్టరూ అనలేదు. ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు కూడా, అది వేరే సంగతి.

"ఈ వయసులో కాపీ కొడతారా?" అని నవ్వుకుంటూ వెళ్లింది.

ఎర్రదీపం వెలిగింది.

నాకెంత సంతోషమేసిందో! నిక్షేపంలాంటి మనిషికి ఎరుపు చూపించిందంటే పెట్టె దొంగదన్నమాట. ఆ ముక్క బ్లాకంతా చెప్పొచ్చాను. వారం రోజులు వేలు నాది, పని ఆవిడది. ఏడూ ఎరుపులే. ఎనిమిదో రోజు ఋత్విక ఇంటికే వచ్చి, నా రక్తం తీసి, సీసా చేతికిచ్చి మూత్రం కూడా పట్టుకెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి, నా కిడ్నీలు బాగున్నాయంది.

"చూశావా, నీ పెట్టె అబద్ధాలకోరు" అన్నాను.

"పెట్టె బాగానే ఉంది అంకుల్. ఈ వారమంతా అందులో పోసిందెవరు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నేను ఫ్యాన్ కేసి చూశాను. హైమే చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "నేనేనమ్మా" అంది.

ఋత్విక ఆవిడని కూర్చోబెట్టి బీపీ చూసింది, వేలు గుచ్చి షుగర్ చూసింది. రెండూ బాగా ఎక్కువ. మోకాళ్లకని మెడికల్ షాపులో కొన్న నొప్పిబిళ్లలు రోజుకి రెండు చొప్పున ఆరేళ్లుగా మింగుతోందని అప్పుడే నాకూ తెలిసింది. కిడ్నీని దెబ్బతీసే ఆ బిళ్లలు ఇవాళే మానెయ్యమనీ, మందులు మొదలుపెడితే డయాలసిస్ దాకా పోకుండా చాలావరకు ఆపొచ్చనీ చెప్పి, ఋత్విక ట్యాబ్ తీసింది.

"దాహం, నీరసం, ఊరికే బాత్రూంకి లేవడం... ఆంటీకి ఇవి ఎప్పట్నుంచి అంకుల్?"

హైమ కూడా నా వంకే చూసింది, జవాబు తనకీ కావాలన్నట్టు.

ముప్ఫై ఒక్కేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఋత్విక ట్యాబ్‌లో 'ఎప్పట్నుంచి' అన్న గడి ఖాళీగా వదిలి వెళ్లింది. అందులో ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.