సారెలో వచ్చిన జమ్ము

పెళ్ళిచూపుల్లో అమ్మాయి పాట పాడకపోయినా ఎవరూ పట్టించుకోరు. కాఫీ ఇవ్వకుండా లోపలికి వెళ్ళిపోతే మాత్రం పెద్దవాళ్ళు చెప్పుల కోసం వెతుక్కుంటారు. తొంభై ఎనిమిది జ్యేష్ఠమాసంలో, భీమవరం పక్క పల్లెలో, రొయ్యల చెరువుల శ్రీనివాసరాజుకి జరిగింది అదే.

ఆ పొద్దున్నే కాకినాడ హాస్టల్ నుంచి వచ్చిన శ్రీసత్య, కాఫీ ట్రేతో నడుస్తూ పెరట్లోని నీటిగుంట వైపు చూసి ఆగిపోయింది.

"గట్టు ఎవరు గీకించారండి?"

"నేనేనండి," అన్నాడు శ్రీను పొంగిపోతూ. "తుప్పలు పెరిగాయని మీ మామ్మగారు అంటే, మా చెరువు మనుషుల్ని పంపాను. నీట్‌గా ఉంది కదండీ?"

రొయ్యల రైతుకి గట్టంటే అరచేతిలా ఉండాలి. గడ్డిపరక కనిపిస్తే పరువు తక్కువ.

"అవి తుప్పలు కాదు, జమ్ము, తుంగ. మూడేళ్ళు పెంచాను. మా పెరటి మురుగు వాటి వేళ్ళలో వడకట్టుకున్నాకే గుంటలోకి, అట్నుంచి కాలవలోకి వెళ్ళేది. అందులో నీటికోడి ఉండేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు మీరున్నారు."

ట్రే వెనక్కి వెళ్ళిపోయింది. ఆ కోపంలో అదిరిన ముక్కుని చూసి శ్రీను మనసు పారేసుకున్నాడు. శ్రావణం దాటకుండా పాలకొల్లు సంబంధం ఖాయం చేసేస్తానని వాళ్ళమ్మ తిరుగుదారి పొడుగునా సణుగుతూనే ఉంది.

మొదటి పెద్ద వానకే బోడిగట్టు విరిగి గుంటలో పడింది. నీళ్ళు బురదై కంపు కొట్టాయి. "నా మాట విని నువ్వు చేశావు బాబూ. మనవరాలు నాతో మాట్లాడ్డం లేదు," అని బుల్లెమ్మ మామ్మ ఫోన్ చేసింది.

మర్నాడు శ్రీను కాలవ మలుపులో తవ్విన జమ్ము దుంపలు గోనెసంచిలో వేసుకుని మోటార్ సైకిల్ మీద దిగాడు.

"తలకిందులుగా పాతుతున్నారు," అంది వెనకనుంచి శ్రీసత్య. ఆమె చున్నీ నడుముకి బిగించి బురదలోకి దిగేసరికి వాన అందుకుంది. ఇద్దరూ తడిశారు. ఒక్కరూ గొడుగు మాట ఎత్తలేదు.

"ఇది పెరిగితే ఒప్పుకుంటారా అండీ?"

"నాదేముంది, నీటికోడి ఒప్పుకోవాలి."

ఆషాఢమంతా, శ్రావణంలోనూ ఆదివారాలు గట్టు మీదే గడిచాయి. శ్రావణం ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతుందనగా శ్రీను ఇంట్లో పాలకొల్లు వాళ్ళకి మాట ఇవ్వడానికి తాంబూలం సర్దుతున్నారు. అప్పుడు ఫోన్ మోగింది. "ఓసారి రండి," అంతే అంది శ్రీసత్య.

జమ్ము మధ్య తేటనీళ్ళలో, ఎర్రముక్కు నీటికోడి వెనకాల నల్లటి పిల్లలు ఈదుతున్నాయి. శ్రీసత్య చేతిలో స్టీలు గ్లాసు.

"ఆ రోజు ఇవ్వలేదు కదండీ. చల్లారిపోతుంది, తాగండి."

పంచదార వెయ్యడం మర్చిపోయింది. "బావుందండి," అన్నాడు శ్రీను చివరి గుక్క దాకా.

వంటింట్లోంచి బుల్లెమ్మ గొంతు వినిపించింది. "మీ అమ్మగారికి ఫోన్ చెయ్యనా బాబూ?"

ఎన్ని వానలు వెళ్ళిపోయాయో. ఇప్పటికీ శ్రీనివాసరాజు చెరువు నీళ్ళు జమ్ము లోంచే డ్రెయిన్‌లోకి వెళతాయి.

"ఆ గడ్డేంటండీ రాజుగారూ, పీకించెయ్యకుండా?" అని ఎవరైనా నవ్వితే ఆయనకి ఆ పెళ్ళి కావిళ్ళు గుర్తొస్తాయి. కాజాల బుట్టల పక్కన తడిసిన గోనెసంచి ఒకటి.

"పీకకూడదండి," అంటాడు. "మా ఆవిడ సారెలో తెచ్చుకుంది."