ఇద్దరు రాజుల మధ్య అరచెయ్యి

హబ్సిగూడలోని ఒక టిఫిన్ సెంటర్. చీఫ్ శశిధర్ దోసె మీది నుంచి చూపు ఎత్తలేదు.

"టార్గెట్ మౌనిక. యూనివర్సిటీలో మ్యాథ్స్ రీసెర్చ్ స్కాలర్. నేవీ వాడే రహస్య సంకేతాల కోడ్ ఆమె రాసిందే."

"చెస్ ప్లేయర్ కూడా," అంది ఏజెంట్ నవనీత.

"ఏడాదిగా ఏడు దేశాల్లో ఆడింది. రేపు క్యాంపస్‌లో ఆఖరి రౌండ్. డ్రా చేసినా చాలు, ప్రపంచ టైటిల్ పోటీకి అర్హత. విదేశీ ముఠా ఆమెను ఆ బోర్డు దగ్గరే చంపబోతోంది. ఎలాగో తెలియదు."

"గేమ్ మానుకోమనండి."

"చెప్పి చూశాను. 'ఏడాది కష్టం సార్, వదల' అన్నది. నువ్వు ఆర్బిటర్‌గా, అంటే ఆట రిఫరీగా, వెళ్తున్నావు. ఆమె కోచ్ లారిసా మన మనిషే."

మర్నాడు నవనీత ముతక చీర, దళసరి కళ్లద్దాలతో హాల్లోకి వచ్చింది. బ్యాడ్జీలో దాచిన స్కానర్‌తో పెన్నులు, గడియారం, కుర్చీలు, నీళ్ల సీసా పరీక్షించింది. ప్రతి ఎత్తునూ వెబ్‌సైట్‌కు పంపే ఎలక్ట్రానిక్ బోర్డును మాత్రం లారిసా ముందే చూసేసింది.

"క్లీన్," అంది లారిసా, ముత్యాల చెవిపోగు సర్దుకుంటూ. నవనీత నమ్మింది.

నాలుగు గంటలు గడిచాయి. అరవై ఒకటో ఎత్తు తర్వాత సెర్బియా అమ్మాయి డ్రా అడిగింది. మౌనిక చెయ్యి కలిపింది. చప్పట్లు మోగాయి.

శిష్యురాలి దగ్గరికి పరుగెత్తాల్సిన కోచ్ వెనక్కి అడుగులు వేస్తోంది.

నవనీత బోర్డు వైపు తిరిగింది. దాన్ని పరీక్షించింది లారిసా ఒక్కతే. గేమ్ ముగిశాక ఇద్దరు రాజులనూ బోర్డు నడుమ పక్కపక్కన పెట్టాలి. అప్పుడే ఫలితం వెబ్‌సైట్‌కు వెళ్తుంది. ఆట నడుస్తుండగా రాజులు పక్కపక్కకు రాకూడదు. బాంబుకు అంతకంటే నమ్మకమైన స్విచ్ ఉండదు.

సెర్బియా అమ్మాయి రాజు అప్పటికే నడుమ నిలబడి ఉంది. మౌనిక రాజు కిందికి దిగుతోంది.

నవనీత ఖాళీ గడి మీదికి అరచెయ్యి జరిపింది. రాజు ఆమె వేళ్ల మీద నిలిచింది.

"రాజును వదలకు, మెల్లగా పైకెత్తు. ఇద్దరూ బయటికి నడవండి."

"మేడం, సంతకాలు చెయ్యలే."

"బయట చేద్దువు గానీ."

గుమ్మం దగ్గర చాయ్ ఫ్లాస్కుతో ఏజెంట్ నాగేష్ లారిసాకు అడ్డం నిలబడ్డాడు.

"ఏడికి మేడం? చాయ్ తాగి పోండ్రి."

"నాకొద్దు."

"మిమ్మల్ని అడగలే. కూసోండ్రి." ఆమె తేరుకునేలోపు చేతికి బేడీ పడింది.

అరగంట తర్వాత బాంబ్ స్క్వాడ్ బోర్డు విప్పింది. లోపల పలుచటి పేలుడు పలక, నడిమి నాలుగు గళ్లకూ సన్నని తీగలు.

చెట్టు కింద మౌనిక స్కోరు షీటు మీద సంతకం చేసింది. ఆటకు ముందు తీసుకున్న ఫోన్ నవనీత తిరిగి ఇచ్చిందో లేదో, అది మోగింది. సీతాఫల్‌మండి నుంచి వాళ్లమ్మ నాగమణి.

"ఏందే, కంప్యూటర్ల నువ్వింకా ఆలోచిస్తున్నట్టే చూపిస్తున్నది. అరగంటైంది. గంతగనం సోచాయించుడేంది? డ్రా తీసుకొని ఇంటికి రా."