అరువు బల్ల మీద తెల్ల మచ్చ

పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు తల దించుకునే కూర్చోవాలి. అందుకే ఆ మచ్చ అందరికంటే ముందు కామేశ్వరి కంటబడింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు, మార్కాపురంలో వానాకాలం. గిద్దలూరు నుంచి పిల్లను చూడటానికొచ్చిన నిత్యానందం, ఆమెను చూసే ధ్యాసలో పొగలు కక్కుతున్న కాఫీ గ్లాసును పాలిష్ బల్ల మీదే పెట్టేశాడు. గ్లాసు ఎత్తగానే అక్కడ తెల్లగా, గుండ్రంగా మచ్చ. కామేశ్వరి చటుక్కున చెయ్యి చాపి దాన్ని కప్పేసింది.

సరిగ్గా అతని ముందే! పిల్ల చొరవకు నిత్యానందం మురిసిపోయాడు. మగవాళ్లకు ఆ మాత్రం చాలు, ఆకాశానికి నిచ్చెనలు వేసేస్తారు.

తండ్రులిద్దరూ ముందుగదిలోని బట్టల దుకాణం చూడటానికి వెళ్లారు. అమ్మ వంటింట్లోకి పోయింది.

"చెయ్యి నొప్పి పుట్టలేదా?" అన్నాడతను.

"అంతా మీవల్లే. ఏం చేసినారో చూడండి!" కామేశ్వరి చెయ్యి తీసింది.

"ఓస్, ఇందుకా! నాకోసం చాపినావనుకుంటినే."

"ఆశకు హద్దుండాల. ఈ బల్ల మాది కాదు, పక్కింటి సుబ్బరత్నమ్మత్తది. మీరొస్తున్నారని నాయన అడిగి తెచ్చినాడు. సాయంత్రం ఆమె వచ్చి మచ్చ చూస్తే వీధంతా వినపడేట్టు అరుస్తాది. మీ నాయన చెవిన పడితే ఇంకేముంది? నాకీ సంబంధం పోకూడదు."

అనేశాక నాలుక కరుచుకుంది. బయట వాన మొదలైంది.

నిత్యానందం కోటు విప్పాడు. "మాది కలప అడితి. ఇది పాలిష్ మీద పడిన మచ్చే, చెక్కలోకి దిగలేదు. ఇత్తడి తోమే పలకపొడి ఉందా? కొంచెం చెనిక్కాయ నూనె కూడా తే."

పలకల ఊళ్లో పలకపొడికి కరువా! రెండూ కలిపి, మెత్తటి గుడ్డతో చెక్క చారల వెంట రుద్దాడు.

"మెల్లగా! పాలిష్ లేచిపోతాది."

"ఇంకెంత మెల్లగా? నువ్వే రుద్దు."

"ఇట్లివ్వండి."

గుడ్డ ఇచ్చాడు కానీ, వేళ్లు వదల్లేదు. ఆమె కూడా లాక్కోలేదు. మచ్చ మసకబారి, కాసేపటికి పూర్తిగా పోయింది. ఇద్దరూ ఇంకా రుద్దుతూనే ఉన్నారు.

"ఏంరా అబ్బాయా, అప్పుడే ఇంటిపని చేయిస్తాందా?"

గుమ్మంలో అతని తండ్రి రామలింగయ్య. వెనకాల ఆమె తండ్రి బ్రహ్మానందం, ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా.

మచ్చ పోయింది కదా, చిన్న అబద్ధంతో గట్టెక్కొచ్చు. నిత్యానందం నోరు తెరిచాడు కూడా. కామేశ్వరి అడ్డుపడింది.

"మామా, ఈ బల్ల మాది కాదు. మీకోసం అరువు తెచ్చినాం. మచ్చ పడితే ఇద్దరం కలిసి తీసినాం. మా నాయన్నేమీ అనొద్దు."

రామలింగయ్య ఆమెను ఎగాదిగా చూసి, పకపకా నవ్వాడు. "మీ నాయన మా ఇల్లు చూసేదానికొచ్చినప్పుడు కూర్చున్న కుర్చీలెవరివి తల్లీ? అవీ అరువే! దుంగ రాంగానే అమ్ముకునేవాళ్ల ఇంట్లో కుర్చీలెట్లుంటాయి? పెళ్లికి సొంత బల్ల చేయిస్తాలే. దానిమీద మచ్చలు మీ ఇష్టం."

బ్రహ్మానందానికి ప్రాణం లేచొచ్చింది. ఏదో మర్యాద మాట కోసం వెతుక్కుంటున్నాడు.

కామేశ్వరి నూనె చేతులు తుడుచుకుని, "ముహూర్తం ఎప్పుడు పెట్టిస్తారు మామా?" అనేసింది.