ఖాళీ వదిలిన గడి

పెనుకొండ తాలూకా కచేరీ ముందు రేకుల పంచలో కూచుని ఫారాలు రాసే హనుమంతరాయుడికి కుడిచేయి పడిపోయి ఉంటే, అదీ పందొమ్మిది వందల అరవై మూడు మే నెలకు ముందే పడిపోయి ఉంటే, నరసింహులు బతుకు ఇంకో తీరుగా ఉండేది. దేవుడు ఎవరెవరికో జబ్బులిస్తాడు. ఇవ్వాల్సిన వాడికి మాత్రం రాయిలాంటి చెయ్యీ, అందులో ఒక ఫౌంటెన్ పెన్నూ ఇచ్చి కూచోబెట్టాడు.

నరసింహులు ధర్మవరంలో ఒక పట్టుచీరల సేటు దగ్గర గుమాస్తా. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. తెలుగు గడగడా చదువుతాడు. ఇంగ్లీషు అయితే అక్షరానికీ అక్షరానికీ మధ్య బీడీ ఒకటి కాల్చుకునేంత సేపు పడుతుంది. రొద్దం పోయే దారిలో నాయన వదిలిపోయిన మెట్ట చేను ఉంది. అంతకంటే పెద్ద ఆస్తి, అతని లెక్కలో, మరదలు నీలావతి.

పెనుకొండలో ఉండే మేనత్త రుక్మిణమ్మకు ఒక్కతే కూతురు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచే "నరసింహులు పెండ్లాం" అని ఇంట్లో అందరూ పిలిచిన పిల్ల. చిన్నప్పుడు అతని వెనకే చేనికి వచ్చి, పావడ నిండా పచ్చి చెనక్కాయలు ఏరుకుని, "బావా, నేను పెద్దయితే ఈ చేనంతా నాదే గదా?" అనేది.

"చేనొకటేనా, నేనొద్దా?"

"నువ్వు కాపలాకి ఉండు."

ఆ పిల్లే బి.ఏ. చదివింది, బి.ఇడి. చేసింది. ఆ రోజుల్లో ఆఫ్రికాలోని అబిసీనియా దేశంలో బళ్ళకు మనవాళ్ళు కావాలని పేపర్లో వేస్తే అర్జీ పెట్టింది. లెక్కల టీచరుగా అడిస్ అబాబా అనే ఊరికి పోయింది. పోయేనాడు ధర్మవరం స్టేషన్లో రైలు కదిలే ముందు కిటికీలోంచి తల బయట పెట్టింది.

"రెండేండ్లలో నన్ను మర్చిపోతావేమో బావా."

"నేనెందుకు మరుస్తా? నువ్వే ఆడ ఏ దొరనో చూసుకుంటావు."

"దొర సంగటి తింటాడా?" అని నవ్వింది. ఆ నవ్వు మీద నరసింహులు రెండేండ్లు బతికాడు.

రెండేండ్లకు ఉత్తరం వచ్చింది. అమ్మనూ బావనూ వానాకాలం సెలవుల్లో వచ్చి నెల రోజులు ఉండమని. బడి వాళ్ళిచ్చిన ఇల్లు కాబట్టి వచ్చే చుట్టాల పేరు, వయసు రాసి సంతకం పెట్టిన ఫారం ముందుగా పంపాలట. చివర ఇలా రాసింది: "అమ్మ ఫారం అంతా నేనే నింపినా. బావ ఫారంలో ఆఖరి గడి ఖాళీగా వదిలినా. బావ నాకేమవుతాడో బావే రాయాల."

"ఏమవుతానో ఆ యమ్మకే తెలీదా? రెండేండ్లకే మర్చిపోయె!" అని నరసింహులు నవ్వుకుంటూ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెలుగు గడగడా చదువుతాడని చెప్పాను కదా. చదివాడు. అంతే.

"ఈ ఆఖరి గడి ఇంగ్లీషులో నింపాలప్పా" అని హనుమంతరాయుడి ముందు పెట్టాడు.

"ఆ టీచరమ్మకి నువ్వు ఏమవుతావని అడుగుతాండారు."

"బావని."

హనుమంతరాయుడు పెన్ను పైకెత్తి నవ్వాడు. "పెండ్లికాని పిల్ల ఇంట్లో బావ దిగుతాడంటే ఏ బడోళ్ళు ఒప్పుతారబ్బా? అన్న అని రాస్తా. ఎవురూ అడ్డం రారు."

"అన్న అనా?"

"కాగితం మీదనే గదప్పా. కాగితం మీద అన్నయితే పెండ్లికి అడ్డమా?"

నరసింహులు చెవి గోక్కున్నాడు. "సరే, రాయి" అన్నాడు. కింద తెలుగులో సంతకం పెట్టాడు.

టికెట్లకు నీలావతి ఇద్దరికీ డ్రాఫ్టు పంపింది. నరసింహులు తన వంతు తిప్పి పంపాడు. ఆడపిల్ల దుడ్లతో ఓడెక్కిపోయి, ఆ ఆడపిల్లనే నన్ను కట్టుకో అని అడిగే మొహం అతనికి లేదు. సేటు అడ్వాన్సు ఇచ్చాడని అత్తకు చెప్పాడు, నీలావతికీ అదే రాశాడు. అది అబద్ధం. చేను అమ్మేశాడు. కొన్నది ఎవరో కాదు. ఫారం మీద సిరా ఆరకముందే "చేను గీను ఏమన్నా ఇస్తావా?" అని అడిగిన ఆ హనుమంతరాయుడే.

బొంబాయి దాకా రైలు, ఆ తర్వాత ఓడ, ఓడ దిగాక మళ్ళీ కొండలెక్కే రైలు. రుక్మిణమ్మ దారి పొడుగునా రాగిపిండి మూటను బిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూచుంది. అడిస్ అబాబాలో దిగేసరికి వాన. ఏడాదంతా ఆకాశం వైపు మెడ నొప్పి పుట్టేలా చూస్తే నాలుగు చినుకులు రాలే సీమవాడికి, ఆ ఊళ్ళో అడగకుండానే రోజూ కురిసే వాన చూస్తే కడుపు మండింది.

"ఇందులో పావు వంతు మన దిక్కు పడుంటే..." అన్నాడు.

గొడుగు పట్టుకుని నీలావతి వచ్చింది. చలిదేశం నీళ్ళకు బుగ్గలు ఎర్రబడ్డాయి. అమ్మను కావలించుకుని, ఆమె భుజం మీదుగా అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపు ఏదో అడిగింది. నరసింహులు ట్రంకు పెట్టె తడుస్తోందని వంగాడు.

పక్కనున్న తోటి టీచరమ్మకు నీలావతి చెప్పింది: "మై మదర్. మై బ్రదర్."

అంత ఇంగ్లీషు నరసింహులుకు వచ్చు. కాగితం ప్రకారం నడుచుకుంటోందిలే అనుకున్నాడు.

కానీ ఇంట్లో కాగితం ఎందుకు?

"అన్నా, నీళ్ళు కాగినాయి. స్నానానికి లెయ్యి."

"ఈడ ఎవరుండారని అన్నా అంటాండావు?"

"నువ్వుండావు గదా. చాలదా?"

రుక్మిణమ్మ పొయ్యి దగ్గర పకపకా నవ్వింది. "సముద్రం దాటొచ్చినా మీ ఎగతాళి పోలేదే!"

నీలావతి తన మంచం అమ్మకిచ్చింది. తన ఉన్ని రగ్గు అతనికిచ్చి, తను కోటు కప్పుకుని చాప మీద పడుకుంది. సెలవుల్లోనూ పొద్దున పూట క్లాసులు. తెల్లారకముందే పంపు స్టవ్వు వెలిగించి, ఇద్దరికీ టిఫిను చేసిపెట్టి, వానలో పరుగెత్తేది. మధ్యాహ్నం వచ్చి ఊరు చూపించేది. పక్కింటామె కాఫీకి పిలిస్తే మూడు విడతలు తాగాలని, రెండో కప్పుకే లేస్తే చిన్నబుచ్చుకుంటారని చెప్పి తీసుకుపోయేది. మూడో కప్పుకు రుక్మిణమ్మ, "గిత్తకి మందు పోసినట్ల పోస్తాండారు కదే!" అంటే, నీలావతి నవ్వాపుకోలేక తల పక్కకు తిప్పేది. తిప్పినప్పుడల్లా నరసింహులు మీద చూపు పడేది. పడగానే నవ్వు ఆగిపోయేది.

అతనికి రోషం వచ్చింది. తను ఎనిమిదో తరగతి. ఆమె కోటూ బూటూ వేసుకునే టీచరు. అన్నా అంటే అర్థం ఇంకేముంటుంది? ఒకరోజు తనూ అన్నాడు.

"చెల్లెమ్మా, కాఫీలో చక్కెర ల్యా."

నీలావతి ముఖం వానకు ఆరిన కుంపటిలా అయిపోయింది. గెలిచాననుకున్నాడు మహానుభావుడు.

ఆదివారాలు జయరాముడు వచ్చేవాడు. అదే బళ్ళో సైన్సు టీచరు, హిందూపురం బెల్లం మండీ రంగప్ప కొడుకు. రుక్మిణమ్మ చేసిన సంగటి ముద్దకు గుంట చేసి నెయ్యి పోయించుకుని, ఊరుబిండి నంజుకుని, "అమ్మా, ఏడాదైంది ఈ రుచి తగిలి" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మంచివాడు. వంక పెట్టడానికి ఏమీ లేని మనిషి మీద కోపం రావడం ఎంత కష్టమో నరసింహులుకు అప్పుడు తెలిసింది.

నాలుగో ఆదివారం జయరాముడు ఒక పళ్ళెం తెచ్చాడు. అరటిపండ్లు, వక్కలు. ఆ ఊళ్ళో తమలపాకులు దొరకవు.

"అన్నా, మా పెద్దోళ్ళు ఈడ లేరు గాబట్టి నేనే నోరు తెరవాల్సొచ్చె. నీలావతి గారిని నాకు ఇయ్యండి."

నరసింహులు పళ్ళెం అందుకోలేదు. "ఆమెను అడిగినావా?"

"అడిగినా. మా అన్న వచ్చిండాడు, ఆయన్ని అడగండి అనింది."

వంటింట్లో స్టవ్వు చప్పుడు ఆగిపోయింది. తలుపు తెర కింద రెండు పాదాలు కదలకుండా కనిపిస్తున్నాయి. ఆమె పంపితేనే వచ్చాడన్నమాట. ఇంకేముంది? తన మొహాన తనే ఉమ్మేసుకునే బదులు పెద్దమనిషిలా పోవడం మేలనుకున్నాడు.

"ముహూర్తం ఎప్పుడు పెట్టుకుంటారు?" అని అడిగాడు.

జయరాముడు ఆనందం పట్టలేక పళ్ళెం రుక్మిణమ్మ చేతుల్లో పెట్టి దండం పెట్టాడు.  అతను మెట్లు దిగిపోయాక ఆమె నరసింహులు వైపు తిరిగింది.

"ఒరే, నీ నోటితో నువ్వేనా అనింది? నీ పెండ్లాన్ని నువ్వే ఇచ్చేసినావా?"

"ఆమె ఇష్టం అత్తా. నా ఇష్టం ఎవురడిగినారు?"

తెర కింద పాదాలు లేవు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం. వసారాలో నరసింహులు ట్రంకుకు తాడు కడుతున్నాడు. రుక్మిణమ్మ పక్కింట్లో ఆఖరి మూడు కప్పుల కాఫీ తాగుతోంది. నీలావతి క్లాసు నుంచి నిలువునా తడిసి వచ్చింది. చేతిసంచిలోంచి మడతలు నలిగిన ఫారం తీసి అతని ముందు పరిచింది.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"ఈ గడిలో ఏం రాసుండాదో తెలిసే చేసినావా?"

"తెలుసు. అన్న అని రాస్తే అడ్డం రారని హనుమంతరాయుడు..."

"హనుమంతరాయుడా!" ఆమె గోడకు ఆనుకుంది. "నేను నిన్ను అడిగితి బావా. ఒక ఆడపిల్ల ఇంతకన్నా ఎట్ల అడుగుతాది? నువ్వు నాకేమవుతావో రాయమంటే, పోయి పెనుకొండ కచేరీ ముందర రాయించుకొని వస్తివా?"

బావా. వచ్చి నెలయ్యాక ఇప్పుడు ఆ పిలుపు. నరసింహులు చేతిలో తాడు జారిపోయింది.

"మరి జయరాముడితో..."

"మా అన్నని అడగండి అంటి. ఎందుకంటినో తెలుసా? అప్పుడైనా లేచి 'నేను అన్నను గాను' అంటావని. తెర ఎనక నిలబడి ఇంటాంటి. నువ్వేమో ముహూర్తం అడిగితివి."

చూరు మీంచి వాన ధారగా పడుతోంది. ఇద్దరూ దాన్ని చూశారు. ఆమె ముందుగా మెత్తబడింది. పక్కన వచ్చి కూచుంది.

"ఇప్పటికైనా ఒక్క మాట అను. పళ్ళెం నేనే తిప్పి ఇస్తా. ఆయన మంచోడు, అర్థం చేసుకుంటాడు. ఈ ఉద్యోగం వద్దు, ఈ కోటొద్దు. వచ్చేస్తా. రొద్దం దారిలో నీ చేనుండాది గదా? చెనక్కాయలు ఏసుకుందాం. ఇద్దరికీ చాలదా?"

నరసింహులు నోరు తెరిచాడు. చేను లేదు అని చెప్పాలి. ఎందుకు లేదంటే, నీ దగ్గరికి రావడానికి అమ్మినానని చెప్పాలి. చెబితే ఆమె ఏడుస్తుంది. ఏడ్చి, పాపమని కట్టుకుంటుంది. జాలికి పెట్టిన కూడు వాళ్ళ వంశంలో ఎవరూ తినలేదు. వాళ్ళ వంశంలో ఎవరూ కడుపునిండా ఏదీ తినలేదనుకోండి, అది వేరే సంగతి.

"చెప్పు బావా."

"...మాట ఇచ్చేసినా నీలా."

ఆమె లేచింది. ఫారం మళ్ళీ మడతల ప్రకారం మడిచింది.

"సరే అన్నా" అంది. ఈసారి అందులో ఎగతాళి లేదు.

మరుసటేడు శ్రావణంలో హిందూపురంలో పెళ్ళయింది. నరసింహులు ధర్మవరం నుంచి పెళ్ళిచీర తెచ్చాడు, వడ్డనలు చూశాడు, రంగప్ప తరఫు చుట్టాలకు కాళ్ళకు నీళ్ళిచ్చాడు. "ఇట్లాంటి బావ యాడ దొరుకుతాడప్పా!" అని అందరూ మెచ్చుకున్నారు. మెప్పుకు దుడ్లు ఖర్చు కావు కదా.

జట్కా ఎక్కబోతూ నీలావతి అతని దగ్గర ఆగింది.

"ఈ యేడు చేనిలో విత్తనం పడిందా?"

"పడింది."

అది అబద్ధం కాదు. ఎవరు వేశారని ఆమె అడగలేదు.

కార్తీకంలో సేటు పని మీద నరసింహులు రొద్దం బస్సులో పోతున్నాడు. దారికి అడ్డంగా గొర్రెల మంద వచ్చి బస్సు ఆగింది. సరిగ్గా ఆ గట్టు దగ్గరే ఆగింది. చేనిలో కూలివాళ్ళు చెనక్కాయ చెట్లు పెరికి కుప్పలు వేస్తున్నారు. ఆ ఏడు ఎన్నడూ లేనిది వాన కూడా కురిసింది. కాయ గుత్తులు గుత్తులుగా వేలాడుతోంది. గట్టు మీద గొడుగు కింద హనుమంతరాయుడు కుర్చీ వేసుకుని కూచున్నాడు. కిటికీలో తల చూసి చెయ్యి ఊపాడు. ఆ కుడిచెయ్యే.

"ఏమప్పా నరసింహులూ! మీ చెల్లెలు బాగుండాదా?"

 గొర్రెలు దాటిపోయాయి. బస్సు కదిలింది. ఈ గట్టు దగ్గర మొదలై ఆ చింతచెట్టు దాకా అతని కళ్ళ ముందు జరిగిపోయింది, మొత్తం రెండెకరాల పద్దెనిమిది సెంట్లు.