మా ఇంటి చప్పుళ్లు

ఆ రోజు కూడా పాటల వడపోత వంటింట్లోనే మొదలైంది. ఆమె పట్టణ గ్రంథాలయంలో పిల్లల విభాగం చూస్తుంది. ప్రతి శనివారం సాయంత్రం అక్కడ పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని పాటలు వింటారు. దానికోసం కొత్త పాటలు వెతికి తేవడం ఆమె పని. కూరగాయలు తరుగుతూ, పాలు కాస్తూ, గట్టు మీద పెట్టుకున్న చిన్న స్పీకర్లో ఒక్కో పాటా వింటుంది. చాలా పాటలకి రెండో చరణం దాకా ఆయుష్షు ఉండదు. కొన్ని గొంతు చించుకుంటాయి. కొన్ని పాటలా మొదలై నీతిబోధలో తేలతాయి. కొన్నింటిలో పిల్లలే ఉండరు, పిల్లల్లా ముద్దుముద్దుగా మాట్లాడే పెద్దవాళ్లుంటారు.

ఏది నిలిచిందో తేల్చేది ఇద్దరు. ఒకరు ఆమె ఏడేళ్ల కూతురు, ఇంట్లో అందరికీ పిచ్చుక. ఇంకొకరు అత్తగారు. పిచ్చుక "మళ్లీ పెట్టవా" అని అడగాలి, అత్తగారు మొహం చిట్లించకూడదు. రెండూ జరిగితే పాట నెగ్గినట్టే.

ఆ పూట నెగ్గిన పాటను ఎవరో ఒక తల్లి తన ఇద్దరు కొడుకులతో కలిసి ఇంట్లోనే పాడి రికార్డు చేసింది. చెంచాలూ బక్కెట్టూ తప్ప వేరే వాయిద్యం లేదు.

"మా ఇంటి చప్పుళ్లు వింటారా,
కుళాయి పాడితే టపటపటప,
తాత కుర్చీ కిర్రుకిర్రు,
మీ ఇంట్లోనో, మీ ఇంట్లోనో?"

అక్కడ పాట ఆగుతుంది. చెంచాల తాళం మాత్రం నడుస్తూ ఉంటుంది. వినేవాళ్లు తమ ఇంటి చప్పుళ్లు కలిపి పాడుకోవడానికి వదిలిన ఖాళీ అది. పిచ్చుక మళ్లీ పెట్టమంది. అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ, "నా మోకాళ్ల చప్పుడు కూడా కలపండి, తాళం తప్పదు" అంది. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు కాస్త గట్టిగానే వినిపించింది.

పక్కగది తలుపు ధన్‌మని తెరుచుకుంది. ఆమె భర్త లేత్ మేస్త్రీ. రోజంతా ఇనుము ఇనుమును కోసే రొదలో నిలబడతాడు. ఇంటికొస్తే చీమ చిటుక్కుమన్నా సహించడు. ఆ రోజు అతనికి సెలవు. స్పీకర్ అందుకుని గోడకేసి కొట్టాడు. అది ముక్కలై పాలగిన్నెలో ఒకటి, నేల మీద పది పడ్డాయి. తరవాత చిక్కుడుకాయల పళ్లెం కూడా విసిరాడు. అది పిచ్చుక తల పక్కనుంచి వెళ్లి కిటికీ ఊచలకి తగిలి, ఖంగుమని తిరుగుతూ తిరుగుతూ ఆగింది.

ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుని, చెవి దగ్గర "ఉష్, ఉష్" అంది. అలవాటైన మాటే. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో గ్లాసులూ కుర్చీలూ తలుపు గడియలూ విరుగుతూనే ఉన్నాయి. మనిషి మీద చెయ్యి వెయ్యలేదు కదా, వస్తువుల మీదే కదా అని అతను అనేవాడు. అత్తగారు కాదనేది కాదు. వినీ వినీ ఆమె కూడా నమ్మింది.

శనివారం గ్రంథాలయంలో ఆ పాట పెట్టింది. నిజానికి కొంచెం గర్వంగానే పెట్టింది. అంత మంచి పాట దొరికి చాలా కాలమైంది. ఖాళీ వచ్చినప్పుడల్లా ఒక్కో బిడ్డ లేచి తన ఇంటి చప్పుడు పాడింది. ఒకరి ఇంట్లో కుక్క గురక, ఒకరి ఇంట్లో అమ్మ కుట్టుమిషను. తల్లిదండ్రులు పడీపడీ నవ్వారు. పిచ్చుక వంతు వచ్చింది. లేచి నిలబడి, అందరికన్నా చక్కగా తాళంలో పాడింది.

"నాన్న లేస్తే తలుపు ధన్‌ధన్,
పళ్లెం ఎగిరితే ఖంగుఖంగు,
అమ్మ మాత్రం ఉష్ ఉష్ ఉష్."

మొదట అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత ఆ చప్పట్లు ఒక్కొక్కటిగా సన్నగిల్లాయి. పెద్దవాళ్లు తలలు దించుకున్నారు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. ధన్‌మన్నదీ ఖంగుమన్నదీ మొగుడి చప్పుళ్లు, సరే. ఆ ఉష్ మాత్రం తనది. అది కూడా బిడ్డ తాళం తప్పకుండా నేర్చుకుంది.

సోమవారం లేత్ షెడ్డులో పక్క మిషను మీద పనిచేసే అతను మేస్త్రీతో, మీ పాప బాగా పాడుతుందట, మా ఆవిడ చెప్పింది అన్నాడు. అని ఊరుకోకుండా, ఇంట్లో అంతా బాగానే ఉందా అని మెల్లిగా అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు మిషన్ల మీదకి వంగినట్టు నటిస్తూ వింటున్నారు. మేస్త్రీ పని మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాడు.

వస్తూనే కుర్చీని కాలితో తన్నాడు. నలుగురిలో నా పరువు తియ్యడానికి బిడ్డకి పాట కట్టించావా అని భార్య మీదకొచ్చాడు. ఆమె తాను కట్టలేదని చెప్పింది. అతను నమ్మలేదు. అలమరలో ఉన్న ఆమె పాటల సీడీలన్నీ నేల మీదకి లాగి బూటు కాలితో తొక్కాడు. అయినా కసి తీరలేదు. మూలన నిలబడ్డ పిచ్చుక చెయ్యి పట్టి గుంజి, "ఎవరు నేర్పారో చెప్పు" అన్నాడు. పిల్ల భుజం కలుక్కుమంది. ఆమె అడ్డం వచ్చింది. ఒక్క తోపు తోశాడు. ఆమె తల గుమ్మానికి కొట్టుకుంది. కనుబొమ పగిలి నెత్తురు కంట్లోకి కారింది.

వంటింట్లోంచి అత్తగారు ఇనప గరిటెతో వచ్చింది. వచ్చి కొడుకు ముంజేతి మీద బలంగా ఒక్కటిచ్చింది. అతను పిల్లని వదిలేశాడు. తల్లి వైపు తిరిగి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

పిచ్చుక పాడుతోంది. గోడకి ఆనుకుని, రెండు చెవులూ మూసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, కుళాయి టపటప, కుర్చీ కిర్రుకిర్రు అని, ఆగకుండా. ఏడుపు లేదు. పాట మాత్రమే.

నానమ్మ గరిటె పడేసి ఎందుకు పాడుతున్నావని అడిగింది. పిచ్చుక కళ్లు తెరవకుండానే చెప్పింది.

"పాడితే నాన్న వినపడడు."

అత్తగారు కొడుకుతో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఒరేయ్, ఈ ఇల్లు మీ నాన్న నా పేర పెట్టాడు. నీ బట్టలు సర్దుకో. వస్తువుల మీదే కదా అని ఇన్నాళ్లూ నేను సర్దుకున్నాను, నీ పెళ్లాన్నీ సర్దుకోమన్నాను. ఇక నా వల్ల కాదు."

అతను భార్య వైపు చూశాడు. ఎప్పటిలాగే ఆమె అడ్డుపడుతుందని, అత్తయ్యా పోనీలెండి అంటుందని అనుకున్నాడు. ఆమె చీర కొంగు కనుబొమకి అదిమి పట్టుకుని ఉంది. "వెళ్లండి" అంది. అంతే.

ఆ రోజు నుంచి అతను షెడ్డు వెనక గదిలో ఉన్నాడు. ఆమె ఆసుపత్రికి వెళ్లి కుట్లు వేయించుకుంది. ఎలా తగిలిందని అడిగితే గుమ్మం తగిలిందని చెప్పలేదు, నా భర్త తోశాడని చెప్పింది. ఆసుపత్రి వాళ్లు కబురు పెడితే పోలీసులు ఇద్దరినీ పిలిపించారు. మళ్లీ చెయ్యి చేసుకుంటే కేసు నడిపిస్తానని ఆమె అక్కడే చెప్పింది. కోపం అణచుకోలేని మగవాళ్లతో మాట్లాడే డాక్టరు దగ్గరికి వెళ్లమని పోలీసులు మేస్త్రీకి చెప్పారు. మొదట విసుక్కుంటూ వెళ్లాడు. తరవాత ఎవరూ చెప్పకుండానే వెళ్లసాగాడు. ఇంటికి మాత్రం రాలేదు. తల్లి ఫోనులో, "రానిచ్చేది నేను కాదు, మీ ఆవిడ" అని పెట్టేసేది.

వానలు వెళ్లి చలి వచ్చాక అతను భార్యకి ఫోన్ చేసి, శనివారం పాటలకి రావచ్చా, వెనక కూర్చుంటాను, మాట్లాడను అన్నాడు. ఆమె పిచ్చుకని అడిగి చెబుతానంది. పిచ్చుక, దూరంగా కూర్చుంటే రావచ్చంది.

అతను వచ్చి గోడవారన చివరి కుర్చీలో కూర్చున్నాడు. భార్య ఎంచిన పాటలు మొదటిసారి మొదటి నుంచీ విన్నాడు. ఓ తాతా మనవరాలూ ఒకరినొకరు ఆటపట్టించుకునే పాటకి తనకే తెలియకుండా నవ్వాడు. ఇన్నేళ్లూ వంటింట్లో వినపడింది ఇదా అనుకున్నాడు.

అప్పుడు ఎవరో పిల్లాడి కాలు తగిలి, బల్ల మీది పెద్ద డోలు కింద పడింది. హాలంతా దద్దరిల్లింది. పిల్లలందరూ చప్పుడైన వైపు, డోలు వైపు తిరిగారు. పిచ్చుక ఒక్కతే అతని వైపు తిరిగింది. మొహం వైపు కూడా కాదు, చేతుల వైపు.

అతను ఆ చూపు చూశాడు. నీకు కోపమొస్తే ఇంట్లోవాళ్లకి ఎలా ఉంటుందని ఇన్నాళ్లూ డాక్టరు అడిగిన ప్రశ్నలన్నిటికీ అదే జవాబు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని తల దించుకున్నాడు. భుజాలు అదరసాగాయి. పక్కవాళ్లు జరిగి చోటిచ్చారు. ఆమె ముందు నుంచి చూసింది గానీ దగ్గరికి రాలేదు, తరవాతి పాట పెట్టింది.

పిచ్చుక లేచింది. కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చి, చెయ్యి చాచితే అందనంత దూరంలో ఆగింది.

"నాన్నా, అది డోలు. దానంతటదే పడింది. నువ్వు కాదు."

"అవునమ్మా" అన్నాడు. అతను కళ్లు తుడుచుకునేదాకా పిచ్చుక అక్కడే నిలబడింది. తరవాత వెళ్లి అమ్మ పక్కన కూర్చుంది.

అంతా వెళ్లిపోయాక ఆమె దగ్గరికి వచ్చింది. కనుబొమ మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. అతను దాన్ని చూసి చూపు తిప్పుకోబోయి, తిప్పుకోకుండా చూశాడు. క్షమించమని అడిగాడు. అది ఒక్క మాటతో అయ్యేది కాదని ఆమె చెప్పింది. ఇంటికి రమ్మనడం లేదని కూడా చెప్పింది. అతను తలూపాడు.

"వచ్చే వారం రండి" అంది ఆమె. "ఈ కుర్చీలు సర్దేవాళ్లు లేరు. సర్దిపెట్టి వెళ్లండి."

పిచ్చుక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగి చూస్తోంది. మేస్త్రీ మొదటి కుర్చీని రెండు చేతులతో ఎత్తి, ఒక దాని మీద ఒకటి, ఏమాత్రం చప్పుడు కాకుండా పెట్టసాగాడు.