లిల్లీ మీద ఒట్టు

"మైపాడు నుంచి వచ్చిన ఒక సోదరి మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నది. ఆమె కొరకు ప్రార్థిద్దాం."

అల్లూరు చర్చిలో పాస్టరుగారు చీటీ చదవగానే, ఆడవాళ్ల వైపు కూర్చున్న రెజీనా తలెత్తింది. మైపాడులో అలాంటి సోదరి ఎవరూ లేరు. మోకాళ్ల నొప్పులన్నది కోడ్ వర్డ్. పరిస్థితి చెయ్యి దాటుతోంది, ఆరాధన ముగియగానే బయటికి రమ్మని దానర్థం. చుట్టూ ఉన్నవాళ్లంతా కళ్లు మూసుకుని లేని సోదరి కోసం మనస్ఫూర్తిగా ప్రార్థిస్తుంటే, రెజీనా ఒక్కతే కళ్లు తెరుచుకుని కూర్చుంది. దేవుడి ఇంట్లో అబద్ధానికి ఆమేన్ చెప్పించినందుకు ఎప్పటికైనా శిక్ష తప్పదనుకుంది. ఆ శిక్ష తన మీద పడితే పడనీ, కూతురి మీద మాత్రం పడకూడదు.

కూతురి పేరు లిల్లీ. నెల్లూరులో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. అమ్మ తీరం వెంట ఊళ్లు తిరుగుతూ నైటీలు, దుప్పట్లు అమ్ముతుందని ఆ పిల్ల నమ్మకం. అమ్ముతుందన్నది నిజమే. ఆ మూట అడుగున వైర్‌లెస్ సెట్టు ఉంటుందని, తన తల్లి ప్రభుత్వ గూఢచారి అని మాత్రం తెలియదు. అమ్మ రోజూ ఫోన్ చేసి జ్వరముందా, రోడ్డు చూసుకుని దాటావా, గ్యాస్ వాసన ఏమైనా వచ్చిందా అని ఎందుకు అడుగుతుందో కూడా ఆమెకు తెలియదు.

చర్చి వెనక సువార్త వాను ఆగి ఉంది. లోపల నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చీఫ్ లాజరస్. రెజీనా ఎక్కగానే ఆయన టేప్‌లో పాట సౌండు పెంచాడు.

"టార్గెట్ ఎవరు సార్?"

"జిల్లా పరిషత్."

"చైర్మన్ గారిని చంపబోతున్నారా?"

"చంపాలనుకుంటే మనకు తేలిక, గన్‌మెన్‌ను పెడతాం. ఆయన చేత సంతకం పెట్టించబోతున్నారు."

లాజరస్ మాటలు తూచినట్టు చెప్పాడు. నెప్టా కోస్టల్ ఫౌండేషన్ అనే విదేశీ సంస్థ తీరం పొడుగునా తుఫాను సైరన్ స్తంభాలు ఉచితంగా పెడతానంటోంది. జిల్లా పరిషత్తు స్థలం ఇచ్చి, కరెంటుకు నిధులు మంజూరు చేస్తే చాలు. కానీ ఆ స్తంభాలకు నోటితో పాటు చెవులు కూడా ఉన్నాయి. కోస్ట్ గార్డ్ మాట్లాడుకునేదీ, దక్షిణాన రాకెట్లు వదిలేచోట మాట్లాడుకునేదీ అంతా వినేసి, సముద్రంలో కాచుకుని ఉన్న ఓడకు చేరవేస్తాయి.

"రేపే సర్వసభ్య సమావేశం. తీర్మానం పాసయి సంతకం పడిందంటే, వాళ్ల అనుమతి లేకుండా ఆ స్తంభాల్ని ముట్టుకునే హక్కు మనకుండదు. అగ్రిమెంట్‌లో అలా రాసుకున్నారు."

"ఈ ఇన్ఫర్మేషన్ ఇచ్చిందెవరు?"

"భానుప్రియ. ఆ సంస్థ మేనేజరు. వాళ్ల జీతం తింటూ మనకు వార్తలు మోసే డబుల్ ఏజెంట్. రేపు నీకు సాయం చేస్తుంది."

ఆయన సీటు కింద నుంచి స్టీలు కారియర్ తీశాడు. పై గిన్నెల్లో అన్నం, పచ్చడి. అడుగు గిన్నెలో స్కానర్. దొంగ చెవి దగ్గరికి తీసుకెళ్తే పిడి వణుకుతుంది.

"శాంపిల్ స్తంభం జడ్పీ ఆవరణలో నిలబెట్టారు. నువ్వు భోజనాలు వడ్డించే మనిషివి. చెక్ చేసి నాకు మెసేజ్ పెట్టు. కలెక్టర్ గారి ఆర్డర్ తీసుకుని నేనొస్తాను. ఆలోగా తీర్మానం పాస్ కాకూడదు."

రెజీనా కారియర్ ఒళ్లో పెట్టుకుంది.

"సార్, ఆ సైరన్ కోసం ఏళ్ల తరబడి అడుగుతున్న మెంబరు ఎవరో తెలుసా?"

"ఆదిశేషమ్మ. నువ్వు ఆమె ఇంట్లోనే మకాం పెట్టావని కూడా తెలుసు. ఎమోషన్స్ వద్దు రెజీనా."

వద్దంటే పోయేవా అవి. ఆదిశేషమ్మ మొగుడు తుఫానులో పోయాడు. హెచ్చరిక ఆఫీసులకు వచ్చింది, ఒడ్డుకు కనుచూపు మేరలో ఉన్న పడవకు మాత్రం చేరలేదు. ఆ ఏడుపులో నుంచే ఆమె ఎన్నికల్లో నిలబడి గెలిచింది. ఏ సమావేశంలో లేచినా ఒకటే మాట, మా ఊరికి సైరన్. ఇప్పుడు కొడుకు పెంచలకృష్ణ అదే సముద్రం మీదికి వేటకు వెళ్తున్నాడు. మబ్బు పడితే చాలు, ఆమె గడపలో కూర్చుని అన్నం ముట్టదు. అలాంటి రోజుల్లో రెజీనాయే బతిమాలి తినిపించేది. ఒక తల్లి భయం ఇంకో తల్లికి తెలియదా. ఆ ఇంటి అన్నం తిన్న చేత్తోనే ఆమె సైరన్‌ను ఆపాలి.

మర్నాడు జడ్పీ ఆవరణలో షామియానా కింద చేపల పులుసు డేగిసాలు పొయ్యి దిగాయి. రెజీనా ఎర్రంచు ఏప్రాన్ కట్టుకుని, కారియర్ పట్టుకుని, నీడ కోసమన్నట్టు సైరన్ స్తంభం పక్కకు చేరింది. పిడి ఆమె చేతిలో చేపపిల్లలా గిలగిలలాడింది. నిజమే. తప్పైతే బాగుండునని చివరిదాకా ఆశపడ్డ మనిషి ఒక్క క్షణం కళ్లు మూసుకుని, లాజరస్‌కు మెసేజ్ కొట్టింది.

జవాబు వచ్చింది. "కలెక్టర్ గారు మీటింగ్‌లో ఉన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నా."

ఆవరణలోని స్పీకర్లో సభ వినిపిస్తోంది. గ్రావెల్ రోడ్డు, ఆమోదమేనా, దబదబా బల్లల చప్పుడు. బోరుబావి, ఆమోదమేనా, దబదబ. బడి ప్రహరీగోడ, దబదబ.

అంతలో సెంటు వాసన చేపల పులుసును దాటుకుని వచ్చింది. పిస్తా రంగు పట్టుచీర, నెత్తి మీదికి తోసిన కళ్లద్దాలు. భానుప్రియ.

"పులుసులో మామిడికాయ వేసినారా?"

"ఈ పూటకు చింతపండే." కోడ్ సరిపోయింది.

భానుప్రియ గరిటె తిప్పి రుచి చూసింది. "బావుంది. కంగారు పడొద్దు రెజీనా గారూ. సైరన్ ఐటమ్ భోజనాల తర్వాతే. మీ సార్‌ను నెమ్మదిగా రమ్మనండి." నవ్వి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని హాలు వైపు వెళ్లింది.

రెజీనా ఊపిరి పీల్చుకోబోయింది. కానీ ఊపిరి పీల్చుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి జరుగుతుందని ఆమె అనుభవం. అనుకున్నట్టే స్పీకర్ గరగరమంది.

"టేబుల్ అజెండా కింద అత్యవసర అంశం. నెప్టా ఫౌండేషన్ వారి సైరన్ స్తంభాలు. మేడం గారు తెర మీద బొమ్మలు చూపిస్తారు. లైట్లు ఆర్పండయ్యా."

డబుల్ ఏజెంట్ కాదు. మొదటి నుంచీ వాళ్ల మనిషే. ఎలాగూ బయటపడే గుట్టు తనే ముందు చెప్పి నమ్మించి, సంతకం పడేదాకా మనవాళ్లను నిద్రపుచ్చడానికే వార్తలు మోసింది.

లాజరస్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. లోపలికి పిలిచినట్టున్నారు, కలెక్టర్ గది గుమ్మంలోనే ఫోన్లు తీసుకుంటారు. హాల్లోకి దూకి అరిస్తే పిచ్చిదని బయటికి గెంటి, ఆ తర్వాత తీరిగ్గా సంతకం పెట్టుకుంటారు. రెజీనా అటూ ఇటూ చూసింది. డేగిసాలు. పెడస్టల్ ఫ్యాను. చీకటి చేసిన హాలు.

ఆమె మూతలన్నీ ఒక్కసారి తీసేసింది. ఫ్యాను మెడ హాలు తలుపు వైపు తిప్పింది.

మొదట వెనక వరుసలో పంచె ఒకటి కదిలింది. తర్వాత రెండు తెల్లచొక్కాలు వంగి వంగి బయటికొచ్చాయి. "తల ముక్కలు అయిపోకముందే పెట్టు తల్లీ," అన్నాడొక పెద్దమనిషి విస్తరి ముందు కూర్చుంటూ. తెర మీద నీలం సముద్రం, తెల్లటి స్తంభాలు కదులుతూనే ఉన్నాయి. ఎవరు లేచి పోతున్నారో ఆ చీకట్లో చైర్మన్ గారికి కనిపించలేదు. కనిపించినా పట్టించుకోరు. పొద్దున హాజరు సంతకం పెట్టినవాడు సాయంత్రం దాకా సభలో ఉన్నట్టే. తలలు లెక్కపెట్టే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

కానీ నిబంధన ఉంది. మూడో వంతు మంది లేకుంటే తీర్మానం చెల్లదు. ఆ మాట ఒక మెంబరు లేచి చెప్పాలి. బయటికి రాకుండా మిగిలిన కొద్దిమందిలో, తెర మీది స్తంభాన్ని దేవుణ్ని చూసినట్టు చూస్తున్న మెంబరు ఒక్కతే ఉంది.

రెజీనా మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆమె పక్కకు వంగింది. "అక్కా."

ఆదిశేషమ్మ తుళ్లిపడింది. "నువ్వా? ఇక్కడేంది మే, నైటీలు మానేసినావా? చూడు, మన సైరన్."

"అక్కా, లేచి కోరం లేదని చెప్పు."

"ఏంది?"

"మెంబర్లు లేరు. నువ్వంటే ఆగిపోతుంది."

ఆదిశేషమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నా సైరన్ను నన్నే ఆపమంటావా?"

"అది నీ కోసం పెట్టేది కాదక్కా. చెడ్డది. ఎందుకని అడగొద్దు, చెప్పలేను."

"ఇన్నాళ్లు మా ఇంట్లో పడుకున్నావు. యాడ పోతావు, యాడనుంచి వస్తావు అని ఒక్కరోజన్నా అడిగినానా? ఇప్పుడు అడగతా ఉండా. మా పెంచలకృష్ణ ఈ పొద్దు కూడా నీళ్ల మీదే ఉన్నాడు. ఇది పోతే వాడికి ఇంకోటి ఎవరిస్తారు?"

"వస్తుంది. మంచిది వస్తుంది. తుఫాన్ల కాలం లోపలే."

"లిల్లీ మీద ఒట్టేసి చెప్పు."

రెజీనా మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "మాలో ఒట్టు వేసుకోకూడదక్కా."

"అట్టయితే నేను లేచేది లేదు."

లైట్లు వెలిగాయి. చైర్మన్ గారు బెంచీల వైపు చూడకుండా కాగితం వైపు చూస్తూ, "సభ్యులందరికీ ఆమోదమేనా," అన్నారు. నాలుగు బల్లలు చప్పుడు చేశాయి. భానుప్రియ తన పెన్ను మూత తీసి అందించింది.

ఎన్ని పేర్లతో, ఎన్ని వేషాలతో ఎన్ని అబద్ధాలాడినా రెజీనా వాటి మధ్యకు కూతురి పేరును ఎన్నడూ తీసుకురాలేదు. ఈ ఒట్టు అబద్ధం కూడా కాదు. నిజమో కాదో తెలియనిది, అంతకన్నా చెడ్డది. ఆమె కళ్ల ముందు లిల్లీ రోడ్డు దాటుతోంది, అటు నుంచి లారీ వస్తోంది. ఆమె చెయ్యి చాపి ఆదిశేషమ్మ అరచేతిలో పెట్టింది.

"లిల్లీ మీద ఒట్టు."

పెన్ను కాగితాన్ని తాకబోయింది. ఆదిశేషమ్మ లేచింది.

"అయ్యా, చైర్మన్ గారూ. కోరం లేదు."

చైర్మన్ గారు తలెత్తారు. బెంచీల మీద కండువాలు, సంచులు, సెల్‌ఫోన్ చార్జర్లు ఉన్నాయి. మనుషులు లేరు.

భానుప్రియ మెత్తగా నవ్వింది. "ఆదిశేషమ్మ గారూ, ఇది మీరు అడిగిన సైరనే."

"నాదే. అందుకే నేనే చెప్తా ఉండా. అన్నాలు తిన్నాక చూసుకుందాం."

సభ వాయిదా పడింది. భానుప్రియ కళ్లద్దాలు దించుకుని తిన్నగా కారు దగ్గరికి నడిచింది. కానీ ముందూ వెనకా మెంబర్ల బండ్లు అడ్డంగా పెట్టి ఉన్నాయి. ఆమె షామియానా దగ్గరికొచ్చి, బండి తీయండి, అర్జెంటు అంది. తలముక్క జుర్రుకుంటున్న పెద్దమనిషి ఎంగిలి చెయ్యి చూపించాడు. "ఎట్ట తీసేది తల్లీ? చెయ్యి కడుక్కున్నాక చూద్దాం. నువ్వు కూడా కూర్చో."

వాళ్లు పెరుగన్నానికి వచ్చేసరికి లాజరస్ ఆర్డర్‌తో దిగాడు. స్తంభం పెట్టె విప్పించాడు. సైరన్ వెనక అరచేయంత నల్ల డబ్బా. సముద్రం మీది ఓడను కోస్ట్ గార్డ్ చుట్టుముట్టినట్టు కబురొచ్చింది. భానుప్రియ పోలీసు జీపు ఎక్కుతూ రెజీనా వైపు తిరిగి, "మామిడికాయ వేసి ఉంటే ఇంకా బావుండేది," అంది.

మధ్యాహ్నం సభ మళ్లీ కూడింది. ఆ అంశం కొట్టేశారు. మరి మా ఊరికి సర్కారు సైరన్ సంగతేంటని ఆదిశేషమ్మ అడిగింది. "నిధుల్లేవు తల్లీ. వచ్చే సమావేశంలో పరిశీలిద్దాం, ఆమోదమేనా," అన్నారు చైర్మన్ గారు. దబదబ.

డేగిసా తోముతున్న రెజీనా పక్కన ఆదిశేషమ్మ వచ్చి నిలబడింది. జీపు చూసింది, నల్ల డబ్బా చూసింది, నైటీలమ్మే మనిషి ఎవరో కొంత అర్థమైంది.

"దీపావళి దాటితే సముద్రం ఎవరి మాటా వినదు మే."

"తెలుసక్కా."

"నీ బిడ్డను నేనేమీ అనను. నా నోటితో అనను. ఒట్టేసింది నువ్వు, మోసేది నువ్వు." ఆమె చెంగు దులుపుకుని బస్సుకు వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. రెజీనా వెంటనే కూతురికి ఫోన్ చేసింది. "లిల్లీ, తలనొప్పేమైనా ఉందా? జ్వరం?"

"ఏం లేదు మా. ఊరికే తుమ్ము వచ్చింది. ఎందుకు?"

తుమ్ము. రెజీనా గోడకు చేరగిలబడింది.

వానులో లాజరస్ ఆనందం పట్టలేకున్నాడు. "శెభాష్. ఢిల్లీ నుంచి మెచ్చుకోలు వచ్చింది. నెక్స్ట్ మిషన్ కొలంబో. ఆయుధాల ముఠా, పెద్ద రిస్కు. నువ్వే కావాలంటున్నారు."

"నేను పోను సార్. దీపావళి లోపల ఆదిశేషమ్మ ఊరికి సైరన్ పెట్టించాలి."

"అంటే, జిల్లా పరిషత్తులో నిధులు మంజూరు చేయిస్తావా? నువ్వొక్కదానివే?"

"ఒట్టేశాను సార్."

లాజరస్ పాట ఆపేశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి నల్ల కళ్లద్దాలు తీసి ఆమె వంక జాలిగా చూశాడు.

"ప్రాణాల మీద తీపి ఉంటే రెజీనా, కొలంబోకే పో."