లోపలి చెయ్యి

నవుకాయ ఊళ్లో పచ్చిక చుట్టూ పదిహేడు గడ్డి ఇళ్లు. ఆ ఫిజీ కొండల్లో రేకులెక్కని కప్పులంటే ఇక అవే. మధ్యలో ఒక్క చోట మాత్రం పన్నూడినట్టు ఖాళీ. పద్నాలుగేళ్ల కిందట తుపానులో కూలిన విలిమోని ఇంటి దిబ్బ అది.

"టూరిస్టుల ఫొటోల్లో ఆ బోసి దిబ్బే కనిపిస్తోందట," అన్నాడు ఊరి కమిటీ పెద్ద అపెనిసా. "శనివారానికి అక్కడ ఇల్లు లేస్తే అతిథులు మన ఊళ్లో పడుకుంటారు. లేదా పక్క లోయకి పోతారు. ఆ తర్వాత గడ్డి కొయ్యడానికి ఎవడొస్తాడు? అందరం రేకులేసుకోవడమే."

సైరుసికి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. కప్పు కుట్టడం బాగా తెలిసినవాళ్లలో మిగిలింది అతనొక్కడే. ఒప్పుకున్నాడు.

చనిపోయినవాడి దిబ్బ మీద ఇల్లు కట్టాలంటే అతని దగ్గరి బంధువు ముందు యంగోనా, అంటే మత్తు పానీయం చేసే మొక్క, వేళ్లు పెట్టి అనుమతి అడగాలి.

"విలిమోని అన్నని నేనే కదా! నన్ను నేనే అడుక్కుని, నాకు నేనే సరేననుకోనా?" అని నవ్వేశాడు సైరుసి.

అక్క తరైవిని నవ్వలేదు. "వాడికి చెప్పాల్సిన మాట నీ దగ్గర ఇంకొకటుంది రా తమ్ముడూ."

ఉంది. ఆ తుపాను రోజు దూలం కింద చిక్కుకున్న విలిమోని చేతుల్లోంచి నాలుగేళ్ల కూతుర్ని లాక్కుని, "దీన్ని చర్చిలో దింపి నీ కోసం వస్తా" అన్నాడు. వెళ్లలేదు. ఆ పిల్లే లోసలిని. సైరుసే పెంచాడు. దానికి ముల్లు గుచ్చుకుంటే ఇతనికి నిద్ర పట్టదు.

శుక్రవారం సాయంత్రానికి ఇంకో మూడు వరసలు మిగిలాయి. సైరుసి కప్పు మీద, లోసలిని లోపల. బయటి చెయ్యి పొడవాటి కర్రసూది గుచ్చుతుంది. లోపలి చెయ్యి దాన్ని వాసం చుట్టూ తిప్పి వెనక్కి పంపుతుంది. జారకుండా, సూదికి ఎక్కించిన కొబ్బరిపీచు తాడు రెండో చివర బయటివాళ్ల మణికట్టుకి చుట్టి ఉంటుంది.

మబ్బు కమ్మింది. పని మాత్రం జోరుగా సాగుతోంది.

"అచ్చం మీ నాన్నలాగే లాగుతున్నావే తల్లీ!"

సూది వచ్చింది. గడ్డి సందుల్లోంచి తడిమట్టి వాసన...

"పెదనాన్నా! టీ!"

పిలుపు కింద నుంచి. నిచ్చెన దగ్గర, కెటిల్‌తో లోసలిని.

"నువ్వు... ఎప్పుడెళ్లావే?"

"గంటయింది. అత్త పిలిచింది. చెప్పే వెళ్లానుగా!"

అతని మోకాలి పక్కన సూది మళ్లీ పైకి వచ్చింది. మెల్లగా. వచ్చి, ఆగింది.

సైరుసి మణికట్టు తాడు ఊడదీసుకున్నాడు. నిచ్చెన దిగాడు. రాత్రి తాగడానికి తెచ్చుకున్న యంగోనా వేళ్లు బుట్టలోంచి తీశాడు. "ఇక్కడే ఉండు. లోపలికి రాకు," అన్నాడు గుసగుసగా.

లోపల ఎవరూ లేరు. తలెత్తి చూశాడు. చివరగా కుట్టిన రెండు వరసల ముడులన్నీ ఎడమవైపు తిరిగి ఉన్నాయి. విలిమోనిది ఎడమచేతి వాటం.

యంగోనా వేళ్లు నేల మీద పెట్టి, తల వంచి కూర్చున్నాడు.

"తమ్ముడూ... భయమేసి రాలేదు రా. తప్పు నాదే. ఇల్లు నీది. నీదేదైనా నీకిచ్చేస్తా. ఈ ఇంటిని మాత్రం నిలబడనివ్వు."

చీకట్లో ఎవరో ఊపిరి వదిలినట్టయింది. అంతే. ఎంత తేలికైపోయిందో ప్రాణం! కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

నిచ్చెన దగ్గర కెటిల్ ఒక్కటే ఉంది.

"పెదనాన్నా, వానొచ్చేలోగా ముగించేద్దామని ఎక్కేశా!" పైనుంచి లోసలిని ఉత్సాహంగా అరిచింది. "లోపల మీరుంటే ఎంత సులువు! ఇలా గుచ్చానో లేదో, అలా పంపేశారు!"

సైరుసి పచ్చిక మీద నిలబడి ఉన్నాడు. నిచ్చెన వైపు పరిగెత్తాడు.

ఆమె మణికట్టుకి చుట్టిన తాడు బిగిసింది. మెల్లగా గడ్డిలోకి జారసాగింది.

"అబ్బా, మెల్లగా లాగండి పెదనాన్నా!" అంటూ నవ్వింది లోసలిని.